పాత పికప్‌లో ప్లాస్టిక్ ట్రిమ్: విరక్కుండా విప్పడం, కదలకుండా మళ్లీ బిగించడం

గ్లాసు మెషీన్ పట్టేసినా, స్పీకర్ మార్చాలన్నా, టింకరింగ్‌కి ఇవ్వాలన్నా పికప్‌కి ముందు ఊడాల్సింది డోర్ ప్యాడే, అంటే డోర్ లోపలివైపు కప్పే. విప్పే పని అరగంటది. ఆ అరగంటలో విరగ్గొట్టుకున్న ఒక్క లాకు మాత్రం తర్వాత ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా కటకటమని గుర్తు చేస్తూనే ఉంటుంది. బొలెరో పికప్ అయినా, టాటా 207 అయినా, జెనాన్, డి-మాక్స్ అయినా పద్ధతి ఒకటే. స్క్రూలు దాక్కునే చోట్లు మాత్రం మోడల్‌కి మోడల్‌కి మారతాయి.

పని మొత్తానికీ ఒకటే లెక్క: విరిగితే క్లిప్పు విరగాలి, ప్యానెల్ విరగకూడదు. క్లిప్పు కొన్ని రూపాయలకు వస్తుంది. పాత మోడల్ ప్యానెల్ కొత్తది దొరకడమే కష్టం, దొరికినా రంగు కలవదు.

ముందు ప్లాస్టిక్ సంగతి

పదేళ్లు ఎండలో నిలబడ్డ ప్లాస్టిక్ కొత్తదానిలా వంగదు. బయటి క్లాడింగ్, చక్రాల మీది ఆర్చ్ ముక్కలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి. ఎండలోని అతినీల కిరణాలకు వీటి పైపొర బూడిద రంగుకు తిరుగుతుంది, వేలితో రుద్దితే పొడి అంటుతుంది. డ్యాష్‌బోర్డు చుట్టూ ఉండే గట్టి ముక్కల్లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్ ఎక్కువ. ఇది కొంత వంగి, ఆపైన టప్పున విరిగే రకం. ముక్క ఊడాక వెనక అచ్చుపోసిన అక్షరాలు చూడండి: పీపీ అంటే పాలీప్రొపిలీన్, ఏబీఎస్ అంటే ఏబీఎస్. ఏ జిగురు పట్టుతుందో, ఏది పట్టదో తేల్చేది ఆ అక్షరాలే.

క్లిప్పుల్లో చాలావరకు నైలాన్‌వి. నైలాన్ గాలిలోని తేమ పీల్చుకుని సాగే గుణం నిలుపుకుంటుంది. అద్దాలు మూసి ఎండలో వదిలేసిన క్యాబిన్‌లో ఆ తేమ ఆవిరై పెళుసెక్కుతుంది. కొత్త క్లిప్పులు కూడా ప్యాకెట్‌లో ఏళ్లపాటు ఎండి ఉంటే ఇదే తంతు. వేడినీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి, తుడిచి వాడితే బిగించేటప్పుడు విరగడం బాగా తగ్గుతుంది.

హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి ఉదయాలు ఈ పనికి పనికిరావు. చలికి ప్లాస్టిక్ బిగుసుకుని ఉంటుంది. బండిని ఓ గంట ఎండలో పెట్టి, పది దాటాక మొదలుపెట్టండి. ఎండ లేకపోతే హెయిర్ డ్రయ్యర్ చాలు. మే నెలలో విప్పడానికి ఎండ సాయమే, టేపు అతికించడానికి మాత్రం శత్రువు. ఆ సంగతి కింద వస్తుంది.

సామాన్లు

ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ సెట్ ఒకటి (నాలుగైదు ముక్కలది చాలు), వి ఆకారంలో చీలిన కొసతో క్లిప్పు తీసే లివర్, స్టార్ స్క్రూడ్రైవర్లు పెద్దదీ చిన్నదీ, బ్యాటరీ కోసం 10 నంబర్ పానా, అంగుళం మాస్కింగ్ టేపు, టార్చి, పాత బనియన్ గుడ్డ, హెయిర్ డ్రయ్యర్ లేదా హీట్ గన్. స్క్రూడ్రైవర్‌తోనే ట్రిమ్ లేపే అలవాటు ఉంటే ఈ ఒక్క బండికైనా మానుకోండి. ఇనుప కొస కింద రేకు మీద రంగు లేస్తుంది, రెండు వానల్లో అక్కడ తుప్పు మొదలవుతుంది.

స్క్రూలు పెట్టుకోవడానికి గుడ్ల అట్టను మించింది లేదు. ముప్పై గుంటలు ఉంటాయి. విప్పిన వరసలో ఒక్కో గుంటలో ఒక్కో స్క్రూ వేసి, పక్కన పెన్నుతో చోటు రాసుకుంటే పొడవాటి స్క్రూ పొట్టిదాని చోటికి పోదు. డోర్‌లో ఇది చిన్న విషయం కాదు, పొడవాటి స్క్రూ లోపల దిగే గ్లాసుకు తగులుతుంది.

క్లిప్పులు పని మొదలుపెట్టే ముందే కొనాలనుకుంటారు చాలామంది. ముందు ఒక్కటి ఊడదీసి, దాన్ని పట్టుకెళ్లడం నయం. పుత్లీబౌలిలోనో రాణిగంజ్‌లోనో కౌంటర్ మీద బండి పేరు, ఏడాది చెప్తే మూడు రకాలు ముందు పెడతారు. చూడాల్సిన కొలతలు నాలుగు: రేకులో రంధ్రం వెడల్పు, ప్యాడ్‌లో కూర్చునే తల వెడల్పు, మెడ మందం, కాలి పొడవు. రంధ్రం కొలవడానికి వెర్నియర్ లేకపోతే డ్రిల్ బిట్టు వెనక భాగం దూర్చి చూడండి. 8 మి.మీ. బిట్టు సరిగ్గా దూరి, 8.5 దూరకపోతే మీకు కావాల్సింది 8 క్లిప్పే. డోర్‌కి లెక్కపెట్టినదానికన్నా నాలుగు ఎక్కువ తీసుకోండి.

డోర్ ప్యాడ్ విప్పడం

మొదట బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న మోడల్ అయితే ఓనర్ మాన్యువల్‌లో చెప్పినంత సేపు ఆగండి. పసుపు రంగు కనెక్టర్, పసుపు తొడుగు వైరు ఎక్కడ కనిపించినా చెయ్యి పెట్టకండి, మల్టీమీటర్ అసలే పెట్టకండి. బ్యాటరీ తీయడానికి ముందే గ్లాసు పూర్తిగా పైకెక్కించి, తిప్పే హ్యాండిల్ ఏ కోణంలో ఆగిందో ఫోటో తీసుకోండి.

తిప్పే హ్యాండిల్ మధ్యలో మూత ఉంటే గోటితో లేపండి, కింద స్టార్ స్క్రూ ఉంటుంది. మూత లేదంటే వెనక గుర్రపు నాడా ఆకారంలో స్ప్రింగ్ లాకు ఉన్నట్టే. బనియన్ గుడ్డను రెండు అంగుళాల పట్టీగా చింపి, హ్యాండిల్‌కీ దాని వెనక ప్లాస్టిక్ వాషర్‌కీ మధ్య దూర్చండి. రెండు కొసలూ పట్టుకుని కవ్వం తాడు లాగినట్టు అటూ ఇటూ లాగండి. గుడ్డ పోగు లాకు కొసను పట్టుకుని బయటికి నెడుతుంది. అయిదారు లాగుళ్లకు రాకపోతే హ్యాండిల్‌ను పావు చుట్టు తిప్పి మళ్లీ లాగండి, లాకు నోరు మరోవైపు ఉండొచ్చు. వచ్చినప్పుడు అది ఎగురుతుంది. కింద దుప్పటి పరవండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

ఇక స్క్రూల వేట. చెయ్యి ఆనించే ఆర్మ్‌రెస్ట్ లోపల లోతైన గుంటలో, డోర్ తెరిచే లోపలి హ్యాండిల్ గిన్నె వెనక, ప్యాడ్ వెనక అంచున, కింది పాకెట్ మూలల్లో, డోర్ చివర ఎర్ర రిఫ్లెక్టర్ కింద వెతకండి. చిన్న మూత ఒక పక్కన కాస్త గాడి పడి ఉంటే దాని వెనక స్క్రూ ఉన్నట్టే. పైన పొడుచుకొచ్చే లాక్ బొడిపె చాలా బండ్లలో ఎడమకు తిప్పితే ఊడుతుంది. అద్దం దగ్గరి మూడు మూలల ముక్క చాలా మోడళ్లలో ప్యాడ్ కన్నా ముందు రావాలి.

స్క్రూ ఏదైనా మిగిలిందా లేదా అన్నది ప్యాడే చెప్తుంది. క్లిప్పు వదిలేటప్పుడు టక్‌మని శబ్దం వస్తుంది. స్క్రూ పట్టుకుని ఉంటే శబ్దం రాదు, ఆ చోట ప్లాస్టిక్ వంగుతూ సన్నని తెల్లగీత తేలుతుంది. తెల్లగీత కనిపించిందంటే ఇంకో గుంజుకు అక్కడ చీలుతుందని అర్థం. వెంటనే వదిలేసి, ఆ గీత చుట్టూ జానెడు మేర స్క్రూ కోసం వెతకండి.

లాగడం కింది వెనక మూల నుంచి మొదలుపెట్టండి. డోర్ రంగు మీద అంచు పొడవునా మాస్కింగ్ టేపు వేసి, లివర్ దూర్చి, క్లిప్పు తగిలేదాకా మెల్లగా జరపండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: అంచు పట్టుకుని లాగుతారు. అప్పుడు బలమంతా క్లిప్పు తల కూర్చున్న గూటి మీద పడి గూడు చిరుగుతుంది. లివర్ చీలిక క్లిప్పు మెడకు రెండు పక్కలా వచ్చేలా దూర్చి, రేకుకు నిటారుగా లేపండి. ఒక క్లిప్పు వచ్చాక పక్కదానికి వెళ్లండి. కింది వరస, రెండు పక్కలు అయ్యాక ప్యాడ్ పై అంచు గ్లాసు రబ్బరు దగ్గర కొక్కేల్లా వేలాడుతూ ఉంటుంది. దాన్ని లాగకూడదు, పైకి ఎత్తాలి.

వెనక గట్టి అట్ట, పైన రెగ్జిన్ ఉన్న పాత ప్యాడ్లలో వేరే జాగ్రత్త ఉంది. ఏళ్లుగా కింది అంచుకు నీళ్లు తగిలి అట్ట ఉబ్బి ఉంటుంది. అక్కడ క్లిప్పు ఊడదు, అట్టే ఊడుతుంది. అలాంటి చోట ప్యాడ్‌ను వదిలేసి, సందులోంచి సైడ్ కటర్‌తో క్లిప్పు మెడను కోసేయండి.

ఎత్తగానే వెనక్కి గుంజేయకండి. స్పీకర్ వైరు, పవర్ విండో స్విచ్, లోపలి హ్యాండిల్ కేబుల్ వేలాడుతూ ఉంటాయి. కనెక్టర్‌ను వైరు పట్టి లాగితే పిన్ను బయటికొస్తుంది. నాలుక నొక్కి, ఒళ్లు పట్టి తీయండి.

ప్యాడ్ వెనక నల్లటి గమ్ముతో అతికించిన ప్లాస్టిక్ షీటు ఉంటుంది. పనికిరానిదని చింపి పారేసేవాళ్లు చాలామంది. డోర్ లోపలికి వాన నీళ్లు రావడం మామూలే. గ్లాసు సందులోంచి దిగి, కింది రంధ్రాల్లోంచి కారిపోవాలి. ఆ నీళ్లు క్యాబిన్ వైపు రాకుండా ఆపేది ఈ షీటే. అది లేకపోతే జూలై వానలకు కాళ్ల కింద మ్యాట్ నానుతుంది, నెలలోపు ఫ్లోరు రేకు తుప్పు పడుతుంది. గమ్మును డ్రయ్యర్‌తో వేడి చేసి మెల్లగా వొలిచి, పక్కకు మడిచి పెట్టండి. చిరిగితే మందపాటి పాలిథిన్ కోసి, బ్యూటైల్ టేపుతో (జిగట రబ్బరు టేపు) చుట్టూ మూయండి. చెయ్యి పెట్టారు కాబట్టి డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి కూడా పుల్లతో తీసేయండి.

మళ్లీ బిగించడం

డోర్ రేకులో ఉండిపోయిన క్లిప్పులన్నీ లివర్‌తో తీసి, ప్యాడ్ గూళ్లలో కూర్చోబెట్టండి. సగం రేకులో, సగం ప్యాడ్‌లో ఉంచి నొక్కితే ఒక్కటీ సరిగ్గా కలవదు. రంధ్రం అంచున తుప్పు ఉంటే గీకి, ప్రైమర్ పూసి ఆరనివ్వండి. రంధ్రం పెద్దదైతే ఒక సైజు పెద్ద క్లిప్పు వేయండి. అక్కడ సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ దిగ్గొట్టడం షెడ్లలో కనిపించే అడ్డదారి. రేకులో కొత్త తుప్పు కేంద్రం తయారవుతుంది, స్క్రూ కొస లోపల వైరునో గ్లాసునో కోస్తుంది.

ముందు వైర్లు, కేబుల్ కలపండి. పై అంచు కొక్కేలు తగిలించి కిందికి నొక్కండి. ఇక్కడ ఆగి, డోర్ తెరిచే ఉంచి, లాచ్ నాలుకను స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు తిప్పి లోపలి హ్యాండిల్ లాగి చూడండి. నాలుక వదిలితేనే కేబుల్ కలిసినట్టు. ఈ పరీక్ష చేయకుండా డోర్ మూసేస్తే లోపలి నుంచి తెరుచుకోని డోర్‌తో మళ్లీ ప్యాడ్ విప్పాలి. పవర్ విండో ఉంటే బ్యాటరీ తాత్కాలికంగా కలిపి గ్లాసు కూడా ఆడించి చూడండి.

తర్వాత పై నుంచి కిందికి ఒక్కో క్లిప్పు. సందులో టార్చి వేసి, క్లిప్పు కొస రంధ్రానికి ఎదురుగా ఉందని చూశాకే, సరిగ్గా దాని మీద పిడికిలి మడమతో ఒక్క దెబ్బ. టక్‌మనాలి. మెత్తగా దిగినట్టనిపించి శబ్దం రాకపోతే రెండో దెబ్బ వేయకండి. క్లిప్పు పక్కకు మడత పడి ఉంటుంది, మళ్లీ కొడితే గూడు చీలుతుంది. వెనక్కి తీసి చూసి, మార్చి వేయండి. తిప్పే హ్యాండిల్‌కి స్ప్రింగ్ లాకును ముందే హ్యాండిల్‌లో పెట్టి, ఫోటోలోని కోణంలో ఉంచి అరచేత్తో నెట్టండి. లాకు దానంతట అదే కూర్చుంటుంది.

మిగతా ముక్కలు

చక్రం లోపలి లైనర్, బంపర్ కింది కవర్ పుష్ పిన్నులతో ఉంటాయి. ముందు బాగా కడగండి, ఇసుక నిండిన పిన్ను దేనికీ లొంగదు. రకాలు మూడు. మధ్య బొడిపె పైకి లేపేది ఒకటి. లోపలికి 2, 3 మి.మీ. నొక్కితే వదిలేది ఇంకోటి, దీన్ని అతిగా నొక్కితే పిన్ను లోపలికి పడిపోతుంది. మధ్యలో స్టార్ గాడి ఉన్నది మూడోది, దీన్ని తిప్పుతూ కింద లివర్‌తో లేపాలి, ఉత్తగా తిప్పితే అక్కడే తిరుగుతుంది. లేపే రకాన్ని మళ్లీ పెట్టేటప్పుడు బొడిపె పైకి తీసి, ఒళ్లు పూర్తిగా దూర్చాకే బొడిపె నొక్కాలి.

వైపర్ల కింది గ్రిల్ తీయాలంటే వైపర్ చేతులు ఊడాలి. అవి అద్దం మీద ఆగే చోట మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకోండి. నట్టు తీశాక చెయ్యి పట్టుకుపోయి ఉంటే అటూ ఇటూ ఊపండి, సుత్తి వద్దు.

టేపుతో అతికిన బీడింగులు

డోర్ మీద అడ్డంగా సాగే బీడింగు పట్టీ, కొన్ని బండ్లకు చక్రం ఆర్చ్ అంచులు, పేరు అక్షరాలు టేపు మీదే ఉంటాయి. తీసే ముందు వాటి పై అంచుకు ఆనుకుని మాస్కింగ్ టేపు గీతలా వేయండి, తిరిగి పెట్టేటప్పుడు అదే కొలబద్ద. వెనక క్లిప్పు కూడా ఉందేమో ఒక కొస మెల్లగా లేపి చూడండి.

హెయిర్ డ్రయ్యర్‌తో అడుగు పొడవు చొప్పున, చెయ్యి ఆనిస్తే చురుక్కుమనేంత వేడి చేసి, గాలం వేసే నైలాన్ తీగను బీడింగు వెనక దూర్చి రంపంలా లాగండి. సంక్రాంతి మాంజా మిగిలిందని దాన్ని వాడితే అందులోని గాజుపొడి రంగు మీద గీతలు చెక్కుతుంది. మిగిలిన నురుగును బొటనవేలితో దొర్లించండి. అంటుకున్న జిగురుకు పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్ చాలు. థిన్నర్ వద్దు, ఏబీఎస్‌ను కరిగిస్తుంది, రంగునూ తింటుంది. జిగురు తుడవడానికి పెట్రోలు వాడేవాళ్లకు, దాని దగ్గర హీట్ గన్ ఎందుకు పెట్టకూడదో చెప్పనక్కర్లేదు.

టర్పెంటైన్ వెనక జిడ్డు వదులుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి శుభ్రమైన గుడ్డతో తుడవండి. ఈ ఆల్కహాల్ కోఠీ గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మేచోట దొరుకుతుంది. గుడ్డ నల్లబడటం ఆగేదాకా మార్చి మార్చి తుడవాలి. ఇదివరకు టైర్ పాలిష్ పూసిన ముక్కలైతే ఇంకో రెండుసార్లు. అందులోని సిలికోన్ మీద ఏ టేపూ నిలవదు.

టేపు అక్రిలిక్ నురుగుది కావాలి, స్టేషనరీ డబుల్ సైడ్ టేపు వారం ఆగదు. త్రీఎం వీహెచ్‌బీ 5952 మందం 1.1 మి.మీ., ఈ పనికి సరిపోతుంది. బీడింగు ఏబీఎస్ అయితే నేరుగా వేయొచ్చు. పాలీప్రొపిలీన్ అయితే జిగురు దాన్ని పట్టదు. టేపు పడే చోట త్రీఎం ప్రైమర్ 94 (టేపు పట్టేలా చేసే ద్రవం) పలచగా పూసి, ఆరాక వేయాలి. బీడింగు ఊడి, టేపంతా బండికే అంటుకుని ఉందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

అతికించేటప్పుడు రేకు, బీడింగు రెండూ 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో ఎండలో నిలిచిన డోర్ మీద చెయ్యే ఆనించలేం. తెల్లవారి నీడలో చేయండి. వాన పడుతున్న రోజున రేకు మీద కంటికి కనపడని తడి ఉంటుంది, వాయిదా వేయండి. కొత్తగా రంగు వేయించి ఉంటే గాలికి ఆరిన రంగుకు కనీసం వారం ఇవ్వండి. మర్నాడే అతికిస్తే తర్వాత బీడింగు రంగుతో సహా వస్తుంది.

టేపు వెనక కాగితం కొసలు రెండంగుళాలు వొలిచి, బయటికి మడిచి ఉంచండి. బీడింగు గీతకు ఆనించి, సరిగ్గా ఉందనుకున్నాక మిగతా కాగితం లాగండి. తర్వాత నొక్కడం. ఈ టేపు ఒత్తిడికే పట్టుతుంది, చదరపు అంగుళానికి 15 పౌండ్లు కావాలి. 12 మి.మీ. టేపు 10 సెం.మీ. పొడవు మీద దాదాపు 13 కిలోల బరువన్నమాట. వేళ్లతో తడిమితే అంత రాదు, రబ్బరు రోలర్‌తోనో అరచేతి మడమ మీద ఒంటి బరువు మోపో అంగుళం అంగుళం నొక్కాలి. 20 నిమిషాల్లో సగం పట్టు, 24 గంటల్లో 90 శాతం, 72 గంటల్లో పూర్తి పట్టు వస్తుంది. ఈ మూడు రోజులూ ప్రెషర్ వాషింగ్ వద్దు.

విరిగినవాటిని అతకడం

ఏబీఎస్ కొండి విరిగితే, అదే రకం పాత ముక్కను చిన్న చిన్నగా కోసి అసిటోన్‌లో నానబెడితే తేనెలాంటి ముద్ద అవుతుంది. దాన్ని పగులుకు రెండు వైపులా పూసి, రోజంతా ఆరనివ్వండి. గాలి ఆడే చోట, మంట దగ్గర లేకుండా చేయాలి. పాలీప్రొపిలీన్ దీనికి కరగదు, ఫెవిక్విక్‌కీ లొంగదు. గంటలో అతికినట్టే కనిపించి, మొదటి గతుక్కి విడిపోతుంది. దీనికి వేడే నమ్మకమైన మార్గం. సోల్డరింగ్ ఐరన్‌తో పగులు వెనక గాడి చేసి, పాలీప్రొపిలీన్ ముక్కనే కరిగించి నింపండి. బరువు పడే చోట సన్న ఇత్తడి జల్లెడ ముక్కను వేడితో లోపలికి దింపితే మళ్లీ విరగదు. ముందువైపు కరిగిన గుర్తు పడకుండా పగులు లోతులో మూడొంతుల్లో రెండొంతులే కరిగించండి.

అన్నీ బిగించాక చప్పుడు వస్తే, ఒకరు నడుపుతుంటే పక్కన కూర్చున్నవాళ్లు ఒక్కో ముక్కనూ అరచేత్తో నొక్కి చూడాలి. ఎక్కడ నొక్కితే ఆగుతుందో అక్కడ క్లిప్పు కూర్చోలేదు, లేదా ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ రాసుకుంటోంది. మొదటిదైతే ప్యాడ్ మళ్లీ ఆ మూలే లేపండి. రెండోదైతే రెండు ముక్కలు తగిలే చోట వెనకవైపు జిగురున్న ఫెల్ట్ పట్టీ అంటించండి.